జోంగా చందాకై గోదావరి సీమలో

గోదావరీ మండలములలో అన్నము తినువారందరును ఒక సైనికునికి ఋణపడి యున్నారనుట అతిశయోక్తి కాదు. 1847 మొదలు 1852 వరకు ధవళేశ్వరము కడ నదికి అడ్డముగా ఆనకట్ట కట్టించి, ఒకయేడు క్షామమునకును వేరొకయేడు వరదకును బలియగుచుండిన ఈ సీమను ధాన్యాగారముగా మార్చిన సర్ ఆర్థర్ కాటను, మద్రాసు సేనలోని ఇంజనీరు దళమున చిన్నతనముననే చేరి, మొదటి బర్మా యుద్ధమున పాల్గొని, జనరలు హోదా వరకు ఎదిగినవాడు. ఆయన విగ్రహములు డెల్టాలోని ఎన్నో గ్రామముల కూడళ్లలో నేటికిని పూలదండలు ధరించుచున్నవి. ధవళేశ్వరమున ఆయన పేరిట వెలసిన ప్రదర్శనశాలను చూచి వెలుపలికి వచ్చుచు నేను తలపోసినది వేరు. కాలువలు త్రవ్వించిన సైనికుని ఇంత భక్తితో తలచుకొను ఈ ప్రజలు, ఆ కాలువగట్ల మీదినుండియే ట్రంకుపెట్టె మోసికొనిపోయి, మెసొపొటేమియా మొదలు సియాచిన్ దాక నానా రణరంగములయందు నిలిచి, ముదిమిలో మరల ఈ గట్లకే చేరుకొన్న తమ సొంతబిడ్డలను పలుకరించుటకు ఏ దారి వేసికొన్నారు?

నా యాత్రకు మూలమీ ప్రశ్నయే. రాజమహేంద్రవరమున నివసించు నా మిత్రులొకరు, సుబేదారుగా పదవీవిరమణ చేసినవారు, తోటి మాజీ సైనికులు కొందరితో గూడి ఒక పాత జోంగా బండిని సంపాదించి యున్నారు. దానిని విప్పి, తుప్పు వదిలించి, మరల కట్టి, లంకలయందును మన్యమునందును ఒంటరిగా మిగిలిన వృద్ధ సైనికుల ఇండ్లకును, సైనికుల వితంతువుల ఇండ్లకును తిరుగవలెననియు, ఏటికి ఒకమారైనను వారిలో కదలగలవారిని మారేడుమిల్లి అడవికో అంతర్వేది కడలి యొడ్డునకో తీసికొనిపోయి కొన్నాళ్లు కలిసి యుండవలెననియు వారి సంకల్పము. అందులకు కావలసిన ధనమును చందాలుగా కూర్చుకొనుటకై వారు ఊరూర తిరుగనుండిరి. "మీరూ రండి మేస్టారూ, రాసేవారొకరు పక్కనుంటే మాక్కూడా కాస్త నిబ్బరంగా ఉంటుంది" అని ఆయన పిలువగా, సంక్రాంతి వెళ్లి దాళ్వా నాట్లు సాగుచున్న దినములలో, వారి వెంట బయలుదేరితిని.

జోంగాను ఎరుగని పిన్నలకొరకు కొంత చెప్పవలసి యున్నది. జపానుదేశపు నిస్సాను సంస్థవారి నమూనాననుసరించి, జబల్‌పూరులోని ప్రభుత్వ కర్మాగారమున, 1969 నుండి 1999 వరకు మన సేనకొరకు తయారైన బండి యిది. నాలుగు లీటర్లకు ఇంచుక తక్కువైన ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, నాలుగు చక్రములకును బలము పంచు గేరుపెట్టె, అడుగున బలమైన కమాన్ కట్టలు. కొండదారియైనను ఇసుకపర్రయైనను బురదపుంతయైనను వెనుదీయక పోగలదు గాని, పెట్రోలు త్రాగుటయందును అంతటిదే. సేన వాడి విడిచిన జోంగాలు వేలముపాటలలో సామాన్యుల చేతికి వచ్చి దేశమంతట చెదరిపోయినవి. మా వారికి దొరకినదియు అట్టిదే. దాని అడుగురేకు వ్రేలితో నొక్కిన రాలిపోవుచుండెను; గేర్ల పండ్లు అరిగి యుండెను; వైరింగు ఎలుకల పాలై యుండెను. చాసిస్ మాత్రము వంకర పోక నిలిచినదని మెకానిక్కు చెప్పిన ఒక్క మాటపై వారందరు ఆశ నిలుపుకొనిరి.

ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భుజములుగా నదిపై పరచుకొన్న బారేజిని దాటి, పశ్చిమ డెల్టా కాలువ వెంట నిడదవోలు మీదుగా తాడేపల్లిగూడెము చేరితిమి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున విమానములు దిగుటకై పరచిన దారి ఆ పట్టణమున నేటికిని కలదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు విడిచిన దినమున, అంతవరకు పత్రికలలో చదువుకొను వార్తగా నుండిన యుద్ధము ఈ తీరముననే యున్నదని జనులకు తెలిసివచ్చెను. కాని తాడేపల్లిగూడెమున విమానములు దిగుటకై పరచిన ఆ దారికి సమీపముననున్న ఒక గ్రామమునకు యుద్ధ మెన్నడును దూరపు వార్త కాలేదు. అది మాధవరము, లోకము పిలుచుకొను పేరు మిలిటరీ మాధవరము.

పదునేడవ శతాబ్దమున పూసపాటి మాధవవర్మ యను ప్రభువు ఆరుగొలను కోట రక్షణకై ఇచ్చట సైనిక కుటుంబములను నిలిపెననియు, వారి సంతతియే నేటి గ్రామస్థులనియు జనశ్రుతి. మొదటి ప్రపంచ యుద్ధమునకు తొంబదిమంది, రెండవదానికి వేయిమందికి పైగా ఈ ఊరినుండి వెళ్లిరని గ్రామస్థులు చెప్పుకొందురు. ఊరిలో అమరులకు స్మారకము కలదు. నేను చెప్పులు విడిచి దాని ముందు నిలిచినపుడు, నాతో వచ్చిన సుబేదారుగారు రెండు మడమలు చేర్చి, నోట మాట లేక వందన మొసగిరి. పదవిలో లేనివాని వందనమున అధికార భయము లేదు గనుక అది నాకు మరింత గౌరవనీయముగ తోచినది.

ఇంతటి ఊరిలో చందా యడుగుట సులభమని తలచితిని. అట్లు కాలేదు, మరెక్కడను మమ్మెవ్వరును అంత నిశితముగా ప్రశ్నింపలేదు. అరుగుపై కూర్చున్న ఒక పెద్దాయన చందా పుస్తకమును మొదటి పుట నుండి తిరుగవేసి, కళ్లజోడు సవరించుకొని, "బండి సరేనండి సుబేదారు గారూ. డ్రైవరెవరండి? ఆర్.సి. ఎవరి పేరండి? రేపు మీకు ఒంట్లో బాగోకపోతే తాళం ఎవరి చేతికెళ్తాదండి?" అని యడిగెను. సుబేదారుగారు ఒక్కొక్కదానికి నిదానముగా సమాధానము చెప్పిరి. బండి వ్యక్తి పేరున కాక, రిజిస్టరు చేయించిన సంఘము పేరున నుండును. తోలుటకు ముగ్గురు మాజీ సైనిక డ్రైవర్లు వంతులు వేసికొనిరి. పెట్రోలుకొక ఖాతా, మరమ్మతుకొక ఖాతా, రెండును మూడు నెలల కొకమారు గోడపై అంటింపబడును. పెద్దాయన పుస్తకము మూసి, లోపలికి పోయి వచ్చి, వెయ్యినూట పదహార్లు చేతిలో పెట్టి, "లెక్క గోడ మీద వేసినప్పుడు మాకో కాపీ పంపండి" అనెను. ధనము కంటె ఆ ప్రశ్నలే విలువైన విరాళమని నా యభిప్రాయము. ఎందుకన, ఆ దినము మొదలు మావారి లెక్కలు మరింత సరియైనవి.

ప్రభుత్వ మేమియు చేయలేదని పలుకుట అన్యాయము. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములు కలవు. 1949 నుండి ఏటేటా డిసెంబరు 7వ తేదీన సాయుధ దళముల పతాక దినము జరుగుచు, చొక్కాకు చిన్న జెండా గుచ్చి తీసికొను చందా సైనిక కుటుంబముల నిధికి చేరుచున్నది. 2003 ఏప్రిల్ నుండి ఇ.సి.హెచ్.ఎస్. పథకమున మాజీ సైనికులకును వారిపై ఆధారపడినవారికిని పాలీక్లినిక్కుల ద్వారా వైద్యము లభించుచున్నది. మరి కొరత ఎచ్చటనున్నదన, ఆ కార్యాలయమునకును ఈ వృద్ధుని మంచమునకును నడుమనున్న దారిలో నున్నది. ఎనుబదేండ్ల మనిషి లంకనుండి ఏటిగట్టెక్కి, ఆటో పట్టి, రేవు దాటి, బస్సెక్కి పట్టణమునకు పోయి, వరుసలో నిలిచి, మందు తెచ్చుకొనునంతలో జబ్బు కంటె ప్రయాణమే ఎక్కువ హాని చేయుచున్నది. ఇక పింఛను సంగతి: తాను బ్రతికియున్నట్లు ఏటేటా ఋజువు చూపవలెను, అది కంప్యూటరు మీదికి ఎక్కిన తరువాత వ్రేలిముద్ర వేయుమందురు, తుపాకి పట్టి, పిదప నాగలి పట్టి అరిగిపోయిన వ్రేళ్ల గీతలను యంత్రము గుర్తింపదు. దేశపు సరిహద్దును కాచిన మనిషి తాను జీవించియున్నానని నిరూపించుకొనలేక వెనుదిరుగుట నేను కన్నులార చూచితిని. ఆ క్షణమున నాకు దుఃఖముతోపాటు కోపమును కలిగినది.

నరసాపురమున వసిష్ఠ యొడ్డున పంటు కొరకు వేచితిమి. మోటారు సైకిళ్లు, పాల క్యానులు, బడిపిల్లలు, గడ్డిమోపులు అన్నియు ఎక్కిన తరువాత పంటు సఖినేటిపల్లి రేవువైపు సాగినది. నది నడుమ సుబేదారుగారు తాము వచ్చిన పనిని నలుగురికి వినిపించునట్లు చెప్పిరి. అడుగుటలో ఆయనకొక మర్యాద కలదు: స్వరము పెంచరు, యుద్ధకథలు చెప్పరు, కన్నీటిని పిలువరు, బండికేమి కావలెనో, ఎంత చేరినదో, ఎంత తక్కువైనదో చెప్పి ఊరకుందురు. కొబ్బరి దింపులు తీయు యువకుడొకడు నడుమునున్న తువ్వాలు విప్పి ఏబది రూపాయలు తీసి, "మా తాత కూడా మిలిటరీనేనండి, ఆయ్" అని ఇచ్చెను. వానిని చూచి మరికొందరు ఇచ్చిరి. రేవు చేరునప్పటికి పుస్తకములో ఒక పుట నిండినది. ఏబది రూపాయలకును రసీదు వ్రాయు సుబేదారుగారి చేయి పంటు కుదుపులకు వణకుచుండగా, ఆ యువకుడు పుస్తకమును రెండు చేతుల పట్టుకొని నిలిచెను.

అచ్చటినుండి మేము పోయిన లంకలోనికి కారు పోదు. 1986 ఆగస్టు వరదయు, 2022 జూలై వరదయు అచ్చటి ఇండ్ల గోడలపై తమ గుర్తులు విడిచినవి. ఏటిగట్టు దిగిన తరువాత పుంతదారియే శరణ్యము, అదియు వానకాలమున మోకాలిలోతు రొంపి. కొబ్బరితోట నడుమనున్న ఒక పెంకుటింటిలో, 1971 యుద్ధమున ఫిరంగిదళమున పనిచేసిన వృద్ధుడు మంచముపై కూర్చుండెను. ఫిరంగుల మ్రోతకు ఒక చెవి పూర్తిగా, వేరొకటి సగము పోయినది. కోడలు మాకు కొబ్బరినీళ్లు ఇచ్చుచు, "మావయ్యగారు ఎవరితోటీ మాట్లాడరండి. మేం చెప్పేది ఆయనకి వినపడదు, ఆయన చెప్పేది మాకు తెలీదు" అనెను. సుబేదారుగారు మంచము ప్రక్కన నేలపై కూర్చుండి, వినబడు చెవి యొద్ద నోరుంచి, సేనలో మాత్రమే వినబడు ఆ మోటు హిందీలో, "కౌన్‌సీ యూనిట్, ఉస్తాద్?" అని యడిగిరి. అంతట ఆ వృద్ధుని ముఖమున కలిగిన మార్పును వర్ణింపగల శక్తి నాకు లేదు. యూనిటు పేరు, బ్యాటరీ పేరు, తన నంబరు, తన ఫిరంగి పక్కన నిలిచిన పంజాబీ మిత్రుని పేరు, వరుసగా, ఎక్కడను తడబడక, అదే హిందీలో చెప్పెను. ఇంటిలోని పిల్లలు తాతగారి కంఠమును మొదటిసారి విన్నట్లు ద్వారబంధము కడ గుమిగూడిరి.

నలుబది యేండ్లుగా ఆ భాషలో ఆయనతో మాటాడినవారు లేరు. పింఛను అందుచునే యున్నది, మందులు ఎవరో ఒకరు తెచ్చుచునే యున్నారు; ఆయనకు కరవైనది తనవంటి వేరొక మనిషి. వచ్చునపుడు ఆయన దిండు క్రింది నుండి అయిదువందల నోటు తీసి సుబేదారుగారి చేతిలో నుంచెను. ఇట్టివారి యొద్ద తీసికొనుట తగునాయని నేను చిన్నగా అడుగగా, సుబేదారుగారు తల అడ్డముగా నూపి, రసీదు వ్రాసి, దానిని వృద్ధునిచేత చదివించి, పిదప వెలుపలికి వచ్చి చెప్పిరి: "తీసుకోకపోతే ఆయన్ని బీదవాణ్ణి చేసినట్టండి. ఇప్పుడు ఆ బండిలో ఆయనకీ వాటా ఉంది." నేను మారు పలుకలేదు.

అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఒకరి కడ వేరొక విధమైన పరీక్ష ఎదురైనది. ఆయన ఉదారుడే. పాత ఇనుమునకు ఇంత శ్రమ యెందుకనియు, వాడిన బొలేరో ఒకటి తానే కొనిపెట్టెదననియు, తలుపులపై తన తండ్రిగారి పేరు పెద్ద అక్షరములలో వ్రాయించిన చాలుననియు చెప్పెను. తండ్రిని స్మరింపగోరిన కొడుకును తప్పుపట్టలేము. అయినను నాతోడివారు చేతులు జోడించి నిరాకరించి, ఆయన ఇచ్చిన అయిదువేలు మాత్రము గైకొనిరి. ఒకని ధనముతో వచ్చిన బండి ఆతని దయకు గుర్తుగా గడప ముందు నిలుచును. ఊరూర పోగైన పదహార్లతో లేచిన బండి వచ్చి నిలిచినప్పుడు, దానిలో ఎక్కు వృద్ధుడు ఎవ్వరి దయకును తల వంపనక్కరలేదు. ఈ విషయమున నేను మావారి పక్షమే. వ్యాపారి మాటలోని రెండవ భాగమునకు, అనగా పాత ఇనుమునకు శ్రమ యేల యను ప్రశ్నకు, సమాధానము నాకు రాజమహేంద్రవరమునకు మరలి వచ్చి షెడ్డును చూచిన తరువాత గాని దొరకలేదు.

ఆ షెడ్డు పట్టణపు శివారున, లారీ బాడీలు కట్టు పనివారి నడుమ నున్నది. జోంగా బాడీ ఒక ప్రక్క, చాసిస్ వేరొక ప్రక్క, ఇంజను గొలుసుకు వ్రేలాడుచు నడుమను ఉండెను. సేన బండ్లను బాగుచేయు ఇ.ఎం.ఇ. విభాగమున పనిచేసిన హవల్దారొకరు పెద్దరికము వహించి, ఏ బోల్టు ఏ డబ్బాలో వేయవలెనో అట్ట ముక్కలపై వ్రాసి కట్టిరి. సిగ్నల్సులో పనిచేసినాయన వైరింగు మొత్తము తీసివేసి క్రొత్తది లాగుచుండెను. సిలిండర్లకు బోరు కొట్టించుటకును, అరిగిన షాఫ్టునకు ప్రాణము పోయుటకును లేతు మిషను వాని యొద్దకు పంపిరి. దొరకని భాగములకై జబల్‌పూరువైపును ఢిల్లీలోని పాతసామాను బజారులకును ఫోనులు చేయుచుండిరి. టింకరింగు చేయు కుర్రవాడు అడుగురేకు కోసి క్రొత్తరేకు అతుకుచు, ముసలివారిని దూరముగా నుండుమని మాటిమాటికి కేకలు వేయుచుండెను, వారు వినుటలేదు.

ఒక మూల, కిరసనాయిలు పళ్లెము ముందు కూర్చుండి గేర్లను ఒక్కొక్కటిగా కడుగుచున్న ఒకాయనను సుబేదారుగారు నాకు కనుసైగతో చూపిరి. ఆయన 1987 మొదలు 1990 వరకు శ్రీలంకలో నిలిచిన మన శాంతిసేనలో నుండినవాడు. వచ్చిన నాటినుండి పెండ్లికి పోడు, తిరునాళ్లకు పోడు, మాజీ సైనికుల సమావేశమునకు పిలిచినను రాడు. జోంగా గేరుపెట్టె విప్పుచున్నారని వినిన మరునాడు, పిలువకయే వచ్చి ఆ పళ్లెము ముందు కూర్చుండెను. నేను ఆయన ప్రక్కన చేరి ఒక గుడ్డముక్క పట్టుకొంటిని. చాలసేపటికి, గేరుపండ్లనే చూచుచు, జాఫ్నాలో ఒక దారి గురించియు, ఆ దారిపై ముందు నడచిన మిత్రుని గురించియు ఆయన పలికిన నాలుగు వాక్యములను నేనిచ్చట వ్రాయను. అవి నాకై చెప్పబడినవి. చేతులకు పని యున్నప్పుడు చూపులు ఒకరిమీద నొకరికి పడవు గనుక, నాలుకకు గల ముడి సడలునేమో. ఆస్ట్రేలియాలో 1990ల నుండి వృద్ధపురుషులు వడ్రంగము, మరమ్మతులు చేయుచు కలిసికొను షెడ్లు వ్యాపించినవనియు, ఎదురెదురుగ కూర్చుండి మాటాడలేనివారు అచ్చట భుజము ప్రక్క భుజముగా పనిచేయుచు మాటాడుదురనియు చదివి యుంటిని. మన దేశమునను, పుణె ప్రక్కనున్న ఖడ్కీలో, వికలాంగ సైనికులకు వృత్తివిద్యలు నేర్పు సంస్థ మొదటి ప్రపంచ యుద్ధకాలము నాటిది కలదు. పనియే చికిత్సయను తలంపు సైన్యమునకు క్రొత్తది కాదు. క్రొత్త బండి కొనినచో ఈ గేర్లను కడుగు పని ఉండెడిది కాదు, ఆయన వచ్చెడివాడును కాడు.

చట్టమును తప్పించుకొని చేయదలచిన పని కాదిది. పెట్రోలు ఖర్చును తగ్గించుటకై డీజిలు ఇంజను బిగింపుమని పలువురు సలహా ఇచ్చిరి. కాని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన రూపమును యథేచ్ఛగా మార్చుటకు వీలులేదు. కావున పాత ఇంజనునే బాగుచేయుటకు నిశ్చయించిరి. పదునైదేండ్లు దాటిన బండి గనుక ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గి, అయిదేండ్ల కొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరించుకొనవలెను. బ్రేకులు ఎక్కువ పట్టుగలవి కావలెనని నేను పట్టుపట్టితిని. వృద్ధులను ఎక్కించుకొని మారేడుమిల్లి కనుమదారిలో దిగు బండికి ఇంజను కంటె బ్రేకు ముఖ్యము. హవల్దారు నవ్వి, ఆ పద్దు నా రాకకు ముందే వ్రాసియున్న పుటను చూపెను.

ఏటికొకమారు జరుపదలచిన విశ్రాంతి శిబిరమును గురించి వారిలో భిన్నాభిప్రాయములు కలవు. కొందరు తీర్థయాత్రలు కలుపుదమనిరి. లంకలోను, మాధవరమునను మేము మాటాడిన వృద్ధులలో అధికులు మాత్రము గుడులకు కుటుంబముతో పోగలమనియు, తమవారి నడుమ రెండు రాత్రులు మంట చుట్టు కూర్చుండి, స్టీలు గ్లాసులో చిక్కని టీ త్రాగుచు గడపవలెనని యున్నదనియు చెప్పిరి. వితంతువులైన తల్లులు తమకు వేరుగా ఒక శిబిరము కావలెననిరి. భర్త సేనలోనుండగా తామెరిగిన ఒంటరితనము వేరొక సైనికుని భార్యకు తప్ప తెలియదని వారి మాట. ఈ రెండు కోరికలను పుస్తకమున వ్రాసికొనిరి.

ఇక మొదటి ప్రయాణము ఎటువైపు అను చర్చ ఆ సాయంకాలము షెడ్డులో పెద్దదైనది. మన్యమునుండి వచ్చిన మాజీ సైనికుడొకరు, రంపచోడవరము ఆవలి కొండలలోని వారిని ఎవ్వరును చూడలేదు గనుక ముందు అటు పోవలెననిరి. ఆ మాట న్యాయమే. సుబేదారుగారు పంచాంగము తెరచినట్లు నెలలను వ్రేళ్లపై లెక్కించి, జూలైలో ఏరు పొంగిన తరువాత లంకలోనికి ఏ బండియు దిగలేదనియు, కనుక ఎండాకాలముననే సఖినేటిపల్లివైపు పూర్తిచేసి, వానలు వెలిసి దసరా దాటిన పిమ్మట మన్యమునకు పోవలెననియు వాదించిరి. చివరకదియే నిలిచినది. ఇంకను అయిదు టైర్లు, బ్యాటరీ, బీమా మిగిలియున్నవి. టైర్ల దుకాణదారు వాయిదాలకు ఒప్పుకొనెను. భీమవరము, ఉండి, ఆకివీడు వైపు చందా పుస్తకము పట్టుకొనిపోవు పనిని హవల్దారునకును నాకును అప్పగించిరి. దాళ్వా కోతలు కాగానే రైతుల చేతిలో డబ్బు ఆడును గనుక అప్పుడే బయలుదేరవలెనని నిర్ణయము.